సరస్సు చుట్టూ ఒక రోజు నడక: బయల్దేరిన చోటికే క్షేమంగా చేరడం ఎలా

అవతలి ఒడ్డు ఎప్పుడూ దగ్గరగానే కనిపిస్తుంది. నేను మొదటిసారి ఇలాంటి నడకకు వెళ్లినప్పుడు, పొద్దున్నే నీళ్ల పక్కన నిలబడితే అటువైపు ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్న మాటలు కూడా వినపడ్డాయి. "ఇంతేనా! గంటన్నరలో చుట్టేద్దాం" అనుకున్నాం. వాళ్లు నిలబడ్డ చోటికి మేం చేరేసరికే మూడు గంటలు పట్టింది. నీటికి ఆనుకున్న గాలి చల్లగా, దాని పైనున్న గాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి నీటి మీదుగా చాలా దూరం వస్తుందని తర్వాత తెలిసింది. అంటే ఆ రోజు కన్నూ చెవీ రెండూ మోసం చేశాయన్నమాట.

ఎక్కాల్సిన కొండ లేదు కాబట్టి దీన్ని సులువైన నడక అంటారు. నిజమే, పెద్దగా ఆయాసం రాదు. ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. కొండెక్కేవాళ్లు అలసిపోతే వెనక్కి తిరుగుతారు, దారంతా దిగుడే. సరస్సు చుట్టూ నడిచేవాళ్లు సగంలో అలసిపోతే, ముందుకెళ్లినా వెనక్కెళ్లినా దూరం ఒకటే. నడుమ అడ్డదారి ఉండదు, అక్కడ ఉన్నది నీళ్లే. కింద చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచి పుట్టినవే.

ముందు దూరం కొలవండి

సరస్సు గుండ్రంగా ఉండి, అడ్డంగా 2 కిలోమీటర్లు ఉంటే చుట్టుకొలత 6 కిలోమీటర్ల పైచిలుకు. కానీ ఏ సరస్సూ పళ్లెంలా గుండ్రంగా ఉండదు. నీళ్లు అడవిలోకి వేళ్లలా చొచ్చుకుపోతాయి. అలాంటి ప్రతి పాయకూ దాని చివరిదాకా లోపలికి వెళ్లి, మళ్లీ అటు ఒడ్డున బయటికి రావాలి. 1967లో బెన్వా మాండెల్‌బ్రాట్ అనే గణితవేత్త బ్రిటన్ తీరాన్ని ఉదాహరణగా తీసుకుని చూపించింది ఇదే: కొలిచే కర్ర చిన్నదయ్యేకొద్దీ తీరం పొడవు పెరుగుతూ పోతుంది. మన కర్ర మన అడుగే, అది చాలా చిన్నది.

మ్యాపు మీద ఒక దారాన్ని కాలిబాట వెంట పరిచి, దాన్ని తిన్నగా లాగి స్కేలు పక్కన పెట్టి చూడండి. ఫోనులో అయితే దూరం కొలిచే సాధనంతో వంపు వంపునా చుక్క పెడుతూ వెళ్లండి. వచ్చిన అంకెకు నాలుగో వంతు కలపడం నా అలవాటు. అది ఎక్కువైందని ఒక్కసారి కూడా అనిపించలేదు.

మ్యాపు చేతిలో ఉండగానే మరో మూడు చూడండి. బాట నీటి వెంటే ఉందా, ఎక్కడైనా గట్టెక్కి దిగుతోందా? ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ మ్యాపులో గీసేవి) దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ నిటారుగా ఉన్నట్టే. వాగులు ఎన్ని వచ్చి కలుస్తున్నాయి, వాటి మీద వంతెనలున్నాయా? చిత్తడి నేల గుర్తులు ఎక్కడున్నాయి? అది సహజంగా ఏర్పడ్డ సరస్సు కాక ఆనకట్ట కట్టి నిలిపిన నీరైతే ఇంకో సంగతి కూడా ఉంది. నీటిమట్టం నెలనెలకీ మారుతుంది. మ్యాపులో ఒడ్డున కనిపించే బాట ఒక కాలంలో నీళ్లలో మునిగి ఉండొచ్చు, ఇంకో కాలంలో నీళ్లకి అర కిలోమీటరు ఎడంగా ఉండొచ్చు.

తర్వాత సమయం లెక్కగట్టండి

1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఒక గంట. కాకపోతే ఆ లెక్కలో ఫొటోలు లేవు, పిట్టల్ని చూస్తూ నిలబడటం లేదు, లేసు ఊడిపోయిన పిల్లలూ లేరు. అందుకే దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోండి.

ఉదాహరణకు చుట్టు దూరం 12 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 200 మీటర్లు అనుకుందాం. నెయిస్మిత్ లెక్కలో 2 గంటల 44 నిమిషాలు. ఒకటిన్నర రెట్లు చేస్తే నాలుగు గంటల పైన. భోజనానికి ముప్పావు గంట కలిపితే దాదాపు 5 గంటలు. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే నడక ముగిసేలా చూసుకోండి. చెట్ల కింద చీకటి బయటికన్నా ముందే పడుతుంది. నీటి మీద ఇంకా వెలుతురు మెరుస్తుంటుంది కాబట్టి చాలా టైముందని అనిపిస్తుంది, బాట వైపు తిరిగితే వేర్లు కనిపించవు.

ఇప్పుడు అసలైన అంకె రాసుకోండి: వెనక్కి తిరిగే వేళ. పై ఉదాహరణలో 8 గంటలకు బయల్దేరితే 10:30కి సగం దాటాలి. 11:30 అయినా సగానికి చేరలేదంటే, ఎంత బాగున్నా సరే, వచ్చిన దారినే వెనక్కి. వచ్చిన దారి ఎలా ఉందో మీకు తెలుసు, ముందున్నది తెలియదు.

ఎటు నుంచి మొదలుపెట్టాలి

జనం దీన్ని అస్సలు పట్టించుకోరు. బండి దిగగానే బాట ఎటు కనిపిస్తే అటు నడుస్తారు. నా దృష్టిలో మాత్రం రోజు మొత్తంలో ముఖ్యమైన నిర్ణయం ఇదే.

సరస్సులోకి వచ్చి కలిసే వాగులు ఎన్నయినా ఉండొచ్చు కానీ నీళ్లు బయటికి పోయే చోటు సాధారణంగా ఒక్కటే. ఒక చోట నిలిచిన నీరంతా అక్కడి నుంచే పోతుంది కాబట్టి పెద్ద ప్రవాహం ఉండేది అక్కడే. దాన్ని దాటకుండా చుట్టు పూర్తి కాదు. వంతెన ఉంటే సరే. కొట్టుకుపోయి ఉంటే? మీరు పొద్దున ఆ వైపు నుంచే మొదలుపెడితే అరగంటలో సంగతి తెలిసిపోతుంది, నవ్వుకుంటూ వెనక్కి వచ్చేయొచ్చు. అదే చివరికి మిగిల్చుకుంటే, సాయంత్రం నాలుగింటికి, బండి కనుచూపు మేరలో కనిపిస్తుండగా, నాలుగు గంటల దారి మళ్లీ వెనక్కి నడవాలి. అందుకే అనుమానం ఉన్న చోటు ముందు, ఖాయమైన చోటు తర్వాత.

దాటే చోట్లన్నీ భద్రంగానే ఉంటే ఎక్కుడున్న వైపు ముందు పెట్టుకోండి. అదీ సమానమైతే మధ్యాహ్నం నీడ పడే ఒడ్డు మధ్యాహ్నానికి వచ్చేలా చూసుకోండి. నీటి మీద పడి తిరిగొచ్చే ఎండ కింది నుంచి కూడా తగులుతుంది, టోపీ ఒక్కటే ఆపలేదు.

దిశ ఖాయం చేశాక ఒక మాట పైకి అనుకోండి: "నీళ్లు నా ఎడమ చేతి వైపు" అని. లేదా కుడి. వెంట వచ్చినవాళ్లందరిచేతా అనిపించండి. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ముందురోజు చేయాల్సినవి

అడవిలోకి అనుమతి కావాలా, గేటు ఎప్పుడు తీసి ఎప్పుడు మూస్తారు, బాటలో ఏ భాగమైనా మూసేశారా అని అక్కడి అటవీ సిబ్బందిని అడగండి. ఫోనులో ఆ ప్రాంతం మ్యాపు ముందే దించుకోండి. నడిచేటప్పుడు ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి. సిగ్నల్ అందని చోట ఫోను దానికోసం వెతుకుతూనే బ్యాటరీ తినేస్తుంది. జీపీఎస్‌కు ఫోను సిగ్నల్ అక్కర్లేదు, మ్యాపులో మీ చుక్క కదులుతూనే ఉంటుంది.

ఇంట్లో ఉండే ఒకరికి నాలుగు ముక్కలు పంపండి: ఏ సరస్సు, ఎటు నుంచి తిరుగుతున్నారు, ఎన్నింటికి బయటికొస్తారు, ఎన్నింటిదాకా కబురు రాకపోతే కంగారు పడాలి. ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే అవతలి మనిషి అయితే సాయంత్రం ఐదింటికే హడావిడి చేస్తారు. లేదంటే రాత్రి పదిదాకా "వచ్చేస్తార్లే" అనుకుంటూ కూర్చుంటారు.

కాలి గోళ్లు కత్తిరించుకోండి. తమాషాగా ఉంది కదా? ఒక్క దిగుడులో బొటనవేలి గోరు బూటు ముక్కుకి కొట్టుకుంటూ ఉంటే తమాషా పోతుంది.

సంచిలో

గంటకు అర లీటరు చొప్పున నీళ్లు: ఐదు గంటలకు రెండున్నర లీటర్లు, ఎండాకాలమైతే ఇంకా ఎక్కువ. "చుట్టూ నీళ్లేగా, అక్కడే తాగొచ్చు" అనుకోకండి. సరస్సు నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరిగించాలి లేదా ఫిల్టర్ చేయాలి. సలసల మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. నీళ్ల మీద పచ్చరంగు ఒలికినట్టు తెట్టు కట్టి ఉంటే మాత్రం మరిగించినా పనికిరావు. అది సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల తెట్టు కావచ్చు, దాని విషం మరిగిస్తే పోదు. అక్కడ చేతులు కూడా కడగొద్దు, కుక్కను తీసుకెళ్తే దిగనివ్వొద్దు.

బూట్లు పాతబడ్డవే వేసుకోండి. కొత్త బూట్లు ఇంట్లో తిరగడానికి, వారం రోజుల తర్వాత అడవికి. నూలు సాక్సులు తడి పట్టుకుని వదలవు, ఉన్ని లేదా సింథటిక్ మేలు. ఒక జత అదనంగా, ప్లాస్టిక్ సంచిలో చుట్టి. టార్చి, ఈల, వాన కోటు, అతుక్కునే మెడికల్ టేపు, చిన్న పట్టకారు, చెత్త వేసుకునే సంచి. తినడానికి చేత్తో పట్టుకుని తినేసేవి. అంతే. ఈ నడకకు అంతకన్నా మోయడం దండగ.

నడక మొదలయ్యాక

మొదటి ఇరవై నిమిషాలు కావాలనే మెల్లగా నడవండి. పది నిమిషాలయ్యాక ఒకసారి ఆగి లేసులు మళ్లీ బిగించుకోండి, పాదం వేడెక్కి బూటులో సర్దుకుని ఉంటుంది. మడమ మీదో చిటికెన వేలి దగ్గరో చురుక్కుమంటే అప్పుడే కూర్చుని బూటు విప్పి టేపు వేయండి. "భోజనాల దగ్గర చూద్దాంలే" అనుకుంటే అప్పటికి బొబ్బ తేలి ఉంటుంది.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఇక్కడ మాత్రం అడుసే తొక్కండి. బాట మధ్య బురద ఉందని పక్క నుంచి పోతే ఆ పక్క గడ్డి చచ్చి అదీ బురదవుతుంది, తర్వాత వచ్చేవాళ్లు ఇంకొంచెం పక్కకు పోతారు. అడుగు వెడల్పున్న బాట కొన్నాళ్లకు బండి పట్టేంత అవుతుంది. బూటు తడిస్తే ఆరుతుంది. తడిసిన వేర్ల మీద మాత్రం కాలు పెట్టకండి, వాటిని దాటి అవతల వేయండి. బెరడు ఊడిన వేరు నూనె రాసినట్టు జారుతుంది.

బాటలో బురద వేరు, ఒడ్డున బురద వేరు. నీళ్లు తగ్గిన కాలంలో పాయల చివర్లు ఎండి, పగుళ్లు బారి, మైదానంలా కనిపిస్తాయి. అడ్డంగా పోతే ఇరవై నిమిషాలు కలిసొస్తాయని ఎవరో ఒకరు అంటారు. మా గుంపులో అన్నది నేను కాదు గానీ, సరేనన్నది నేనే. మొదటి పది అడుగులు గట్టిగానే ఉన్నాయి. పదకొండో అడుగుకి నా స్నేహితుడి కాలు మోకాలిదాకా దిగింది. పైన రెండు వేళ్ల మందాన పెంకు, కింద నల్లటి ముద్ద. కాలు లాగితే పాదం వచ్చింది, బూటు రాలేదు. బోర్లా పడుకుని, భుజందాకా చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీయడానికి పట్టిన సమయంలో ఆ పాయ చుట్టూ రెండుసార్లు తిరగొచ్చు. అలా దిగబడితే నిలబడి గింజుకోవద్దు. వెనక్కి వాలి బరువంతా పరిచి, కాలిని అటూ ఇటూ ఆడిస్తూ నెమ్మదిగా లాక్కోండి.

వంతెన లేని చిన్న వాగు అడ్డొస్తే సన్నగా ఉన్నచోట కాదు, వెడల్పుగా ఉన్నచోట దాటండి. అదే నీరు వెడల్పుగా పరుచుకుంటే లోతూ వడీ తగ్గుతాయి. బూట్లు వేసుకునే దిగండి. సంచి నడుము పట్టీ విప్పేయండి, పడితే వదిలించుకోవడానికి. మోకాలు దాటి ఉరుకుతుంటే దాటొద్దు, వెనక్కి రండి.

ఇందాకటి ఎడమ చెయ్యి మాట. ఒకసారి తిని, కాసేపు పడుకుని, లేచి నడక మొదలుపెట్టాం. ఐదు నిమిషాలయ్యాక వెనక నుంచి ఒక పాప, "నీళ్లు ఈ చేతి వైపు వచ్చాయేంటి?" అంది. మేం వచ్చిన దారినే వెనక్కి పోతున్నాం. అడవిలో బాట ఎటు చూసినా ఒకేలా ఉంటుంది, కూర్చుని లేచాక దిక్కు తప్పడం ఎవరికైనా జరుగుతుంది. పెద్దవాళ్లం నలుగురం ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

బాట కొన్నిచోట్ల నీటిని వదిలి అడవిలోకి పోతుంది. చిత్తడినో రాతి గట్టునో తప్పించడానికి అలా వేస్తారు, కంగారక్కర్లేదు. కానీ బాటే కనిపించకుండా పోతే ముందుకు వెతుక్కుంటూ పోకండి. చివరిగా కచ్చితంగా బాట మీద ఉన్న చోటికి వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ చూడండి. నూటికి తొంభైసార్లు ఒక మలుపు చూసుకోకుండా దాటేసి ఉంటాం.

ఆగడం, తినడం

నీటి మీదికి తోసుకొచ్చిన రాయి, గాలి తగిలే ఒడ్డు: అదే మంచి చోటు. గాలి ఆడని మూలల్లో దోమలుంటాయి. ఎండగా ఉన్న మధ్యాహ్నం గాలి నీటి మీది నుంచి నేలవైపు వీస్తుంది. నేల త్వరగా వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి నీటి మీది చల్లగాలి వస్తుంది.

పళ్ల తొక్కలు కూడా సంచిలోనే వేసుకోండి. మట్టిలో కలిసిపోతాయిలే అంటారు గానీ అంతకుముందే జంతువులు వాటికి అలవాటు పడతాయి. కాలకృత్యాలకు నీటికి కనీసం 60 మీటర్ల దూరం, అంటే సుమారు 80 అంగలు, లోపలికి వెళ్లండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి పూడ్చేయండి. సబ్బుతో గిన్నె కడగాలన్నా అంతే దూరం. మట్టిలో కలిసిపోయే సబ్బు అని డబ్బా మీద రాసి ఉన్నా అది కలవాల్సింది మట్టిలో, నీళ్లలో కాదు.

తెల్లవారుజామున, మునిమాపున జంతువులు నీటికి వస్తాయి. ఆ వేళల్లో ఒడ్డు వాటికి వదిలేయండి.

ఈత గురించి ఎక్కువ చెప్పను. అనుమతి ఉన్నచోటే, ఒంటరిగా ఎప్పుడూ కాదు. ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దూకితే శ్వాస మన చేతుల్లో ఉండదు. 15 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో ఎంత బాగా ఈదేవాళ్లకైనా మొదటి నిమిషం అలాగే ఉంటుంది.

ఉరిమితే, దారి తప్పితే

ఉరుము వినపడిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నారు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. లెక్కపెడుతూ ఒడ్డున నిలబడొద్దు, నీటికి దూరం జరగండి. ఒంటరి చెట్టు కిందికి కాదు, ఎత్తు తక్కువగా, ఒకే తీరున ఉన్న చెట్ల మధ్యకు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ ఒడ్డుకు.

కాలు మడతపడి నడవలేకపోతే ఈల వాడండి: ఒక నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. ఇది ఆల్ప్స్ పర్వతాల్లో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైన పద్ధతి. అరుపు పది నిమిషాల్లో గొంతు పోగొడుతుంది, ఈల సాయంత్రందాకా పలుకుతుంది. చాలా దేశాల్లో 112 నంబరు పనిచేస్తుంది. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే ఆ ఫోను కలిసే అవకాశం ఉంది.

చివరి మూడో వంతు

జారి పడేది ఎక్కువగా ఇక్కడే. కాళ్లు ఈడుస్తాం, కళ్లు బండి కోసం వెతుకుతుంటాయి. పొద్దు ఎంత మిగిలిందో చూడాలంటే చెయ్యి చాచి, అరచేతిని మీవైపు తిప్పి, వేళ్లు అడ్డంగా పెట్టి సూర్యుడికీ కింద కనిపించే నేలకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో లెక్కపెట్టండి. వేలికి సుమారు పావుగంట. నాలుగు వేళ్లుంటే గంట. కళ్లు నేరుగా సూర్యుడి మీద పెట్టొద్దు.

బయటికి రాగానే మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చెవుల వెనక పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. జలగైతే గోరుతో దాని సన్నటి కొస కింద తోస్తే ఊడిపోతుంది. కాసేపు రక్తం కారుతుంది, భయపడకండి.

ఇవన్నీ చేసేముందు, ఇంకా బూట్లు విప్పకముందే, ముందురోజు కబురు పెట్టిన మనిషికి ఫోన్ చేయండి. నేనొకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయడమే మర్చిపోయి, బండిలో పడి నిద్రపోయాను. ఇంటికి చేరేసరికి వీధి గుమ్మంలో ఏడుగురున్నారు.